ఆలస్యానికి కారణం

మా ఆవిడ మూడేళ్ల డిగ్రీని ఐదేళ్లు చదివింది. మిగతా పేపర్లన్నిట్లో మంచి మార్కులే. గణితం మాత్రం రెండుసార్లు తప్పింది. మా పెళ్లైన ఏడాదికి, విదేశంలో ఎమ్మెస్సీకి దరఖాస్తు పెడతానంది. ఫారం చివరి పేజీలో ఒక గడి ఉంది: ‘డిగ్రీ ఆలస్యమై ఉంటే కారణం.’

ఆమె పెన్సిలుతో రాసిచ్చింది: ‘గణితంలో రెండుసార్లు తప్పాను. మూడోసారి, నాలాగే తప్పిన ఇద్దరికి పాఠం చెబుతూ నేర్చుకుని పాసయ్యాను.’

నేనప్పుడు ఒక ఆఫీసులో టైపిస్టుని. భోజన విరామంలో ఫారాన్ని మిషనుకెక్కించాను. ‘తప్పాను’ అన్న మాట దగ్గర వేళ్లు ఆగిపోయాయి. ఆమె రాసిందంతా వదిలేసి ‘అనారోగ్యం వల్ల’ అని టైపు చేశాను. సాయంత్రం ఇంటికి తెస్తే ఆమె చదవనే లేదు.

“ఎక్కడ పెట్టాలో చూపించండి. మీరు చేసిందాన్ని నేను దిద్దేదేముంది?” అని సంతకం పెట్టేసింది.

రెండు నెలలకు జవాబొచ్చింది. నేను ఇల్లు చేరేసరికి ఆమె ఉత్తరం ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది.

“ఏవండీ, నాకేం జబ్బు?”

చెప్పులు విప్పబోతూ ఆగిపోయాను.

“అక్కడి చలికి తట్టుకుంటానో లేదోనట, డాక్టరు సర్టిఫికెట్ అడుగుతున్నారు. నెలలోగా అందకపోతే ఫైలు మూసేస్తారట. చెప్పండి, ఏ జబ్బని రాయించను?”

“నువ్వు తప్పావని ఎవరికో ఎందుకు తెలియాలని...”

“తప్పింది నేనైతే సిగ్గు మీకెందుకు?”

“తెలిసిన డాక్టరున్నాడు, ఏదో ఒకటి రాసిస్తాడులే” అన్నాను, ఇంకా బుద్ధి రాక.

మర్నాడు భోజన విరామానికి ఆమే మా ఆఫీసుకొచ్చింది. నా పక్కన స్టూలు లాక్కుని కూర్చుని చెప్పింది, నేను టైపు చేశాను. గణితం సంగతంతా అయ్యాక, ‘అనారోగ్యం అన్నది నిజం కాదు. టైపు చేసినాయన నా పరువు కాపాడదామనుకున్నారు’ అంది.

“ఆ ముక్క వద్దులే.”

“ఉండనివ్వండి. మిమ్మల్నీ ఎవరో ఒకరు కాపాడాలిగా.”

సీటొచ్చింది. ఆ సంగతి చెబుతూ వచ్చిన ఉత్తరం అడుగున ఎవరో చేత్తో ఒక వాక్యం రాశారు: ‘మందపాటి స్వెట్టరు తెచ్చుకోండి.’ ఆమె దాన్ని నాకు మూడుసార్లు చదివి వినిపించింది. రెండేళ్లు చదువుకుని వచ్చి, ఇరవై ఏడేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పింది. తప్పినవాళ్లను ముందు బెంచీలో కూర్చోబెట్టుకునేదట.

చివరి రోజుల్లో ఆసుపత్రి మంచం పక్కన స్టూలు మీద నేను కూర్చునేవాణ్ని. ఒక మధ్యాహ్నం డాక్టరు రిపోర్టు ఇచ్చి వెళ్లాడు. ఆమె దాన్ని తిరగేసి చూసి నా చేతిలో పెట్టింది.

“ఇదిగోనండీ, వాళ్లడిగిన సర్టిఫికెట్. పంపించెయ్యండి. కాస్త ఆలస్యమైంది. కారణం మాత్రం మీరు రాయకండి.”

ఇద్దరం నవ్వాం. ఏమైందోనని నర్సు తలుపు తీసి చూసింది. మెల్లగా మళ్లీ మూసింది.