ఆరు బారల దారి

ముందు కూర్మమ్మ చంకకర్ర జారింది. ఆ వెనకే కూర్మమ్మ జారింది. మండలాఫీసు ముందు కొత్తగా పోసిన సిమెంటు వాలు మీద పైనించి దొర్లుకుంటూ వచ్చి, కిందనున్న గంగులు దగ్గర ఆగింది. మణికట్టు విరిగింది. వరండాలో గుమాస్తా ఒకడు "సూసుకొని ఎక్కొద్దేటి?" అని లోపలికి పోయాడు.

గంగులు కాళ్లని చిన్నప్పుడే పోలియో తినేసింది. చేతులకి రబ్బరు చెప్పులు తొడుక్కుని నేల మీద దేకుతాడు. వలలు కుట్టి బతుకుతాడు. చేతుల చెప్పులు విడిచేసి కూర్మమ్మని పట్టుకున్నాడు. అతనికి కోపం కంటే ముందు సిగ్గొచ్చింది. నెల్లాళ్ల కిందట ఈ వాలుకి పసుపు రాసి కొబ్బరికాయ కొట్టినవాడు తనే.

వికలాంగుల కొత్త చట్టం వచ్చి అప్పటికి రెండేళ్లు. సర్కారు ఆఫీసులన్నిటికీ వాలుదారి ఉండాలన్నారు. తనిఖీ ఉందని కబురొచ్చాక గానీ ఈ ఆఫీసుకి మెలకువ రాలేదు. కాంట్రాక్టరు ధనరాజు మూడు రోజుల్లో మెట్ల పక్కన సిమెంటు కుమ్మరించి పోయాడు. ఇన్నేళ్లకి మనకో దారి వేశారని మురిసిపోయి, కొత్త తెప్పకి చేసినట్టే దానికీ పూజ చేశాడు గంగులు. ధనరాజు ఫోటో తీయించుకున్నాడు.

ఆ సాయంత్రమే వలలు ఆరేసే ఇసకలో వికలాంగుల సంఘం కూడింది. పాతికమంది. రైలు కింద ఒక కాలు పోగొట్టుకున్న జేమ్స్ చట్టం కాగితాలు తెచ్చాడు.

"అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవుండాల. అక్కడ ఎత్తు మూడడుగులు. ముప్పయ్యారడుగులు పొయ్యాల."

"అడుగులు నాకు తెల్దురా. బారల్లో సెప్పు," అన్నాడు గంగులు. వలల మనిషికి చాచిన రెండు చేతుల పొడవే కొలత.

"ఆరు బారలు, బావా."

"ఆడేసింది రెండు బారలైనా నేదు!"

ముసలి ఎర్రన్న గొంతు సవరించాడు. "పసుపు రాసినదానికి వంక పెట్టకూడదు. తెప్పకైనా అంతే. రాసింది నువ్వే కదేటిరా?"

అందరూ తలలు దించుకున్నారు. ఆ మాట దాటి ఆ వాడలో ఎవరూ పసుపు రాసిన తెప్పని తిప్పి పంపి ఎరగరు.

కూర్మమ్మ చెయ్యి మెడకి కట్టుకుని కూచుంది. "పసుపు రాసినామని కన్నం పడ్డ తెప్పని సంద్రంలోకి దించుతావేటి, ఎర్రన్న మావా? దించితే నువ్వెక్కుతావేటి?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఎర్రన్న నవ్వలేదు. "ఆల్లతో పెట్టుకుంటే పింఛన్లు తెగిపోతాయే."

"ఎల్లుండి తనిఖీలో సంఘం తరపున గంగులు బావ ఏలిముద్రేస్తే దారి బాగున్నట్టే లెక్క," అన్నాడు జేమ్స్. "మల్లీ అడగడానికి మనకి నోరుండదు."

మర్నాడు పొద్దున్నే ధనరాజు గంగులు గుమ్మంలోకొచ్చాడు. ఎప్పుడూ రానివాడు.

"ఒరే గంగులూ, రేపు కొత్త చక్రాల కుర్చీ తెస్తన్నాను. కూకో. ఇద్దరు తోస్తారు. ఏలిముద్రెయ్యి, అంతే."

"ఎయ్యకపోతే?"

ధనరాజు గంగులు కాళ్ల వైపు చూసి నవ్వాడు. "నీ సదరం కాగితం తిరగరాయాల కదా. నీ కాళ్లు నూటికి ఎనభై సచ్చినాయో ముప్పై సచ్చినాయో రాసేవోడు మనోడే. నలభైకి తగ్గితే పింఛను నేదు. రాత్తే నీ కాళ్లు లేచొచ్చేస్తాయిరా!"

తనిఖీ రోజు పొద్దుటినించీ మబ్బు కమ్ముకునే ఉంది. అధికారి రాకముందే గేటు దగ్గర పోలీసు వ్యాను నిలబడింది. చక్రాల కుర్చీకి ప్లాస్టిక్ కాగితం ఇంకా ఊడదీయలేదు.

అధికారి వచ్చి నిలబడ్డా గంగులు కుర్చీ ఎక్కలేదు. నడుముకి చుట్టుకున్న వలతాడు విప్పాడు. బారకో ముడి. ఒక కొస జేమ్స్‌కిచ్చాడు. జేమ్స్ మెట్లెక్కి దాన్ని గుమ్మం దగ్గర తొక్కిపట్టాడు. గంగులు తాడు వదులుతూ దేకాడు. రెండో ముడి రాకముందే ధనరాజు సిమెంటు అయిపోయింది. మూడు. నాలుగు. అయిదు. ఆరో ముడి పోలీసు వ్యాను చక్రం దగ్గర పడింది.

"ఇక్కడి దాకా రావాల బాబూ, దారి."

"కొబ్బరికాయ కొట్టింది నువ్వేనటగా? ఫోటో ఉంది," అన్నాడు అధికారి.

"కొట్టినాను. ఆ తప్పుకి ఈ కూర్మమ్మ సెయ్యి ఇరిగింది. మల్లీ సెయ్యను. అంత బాగుంటే తమరు కూకోండి కుర్చీలో. మావోళ్లు పైకి తోస్తారు."

అధికారి వాలు వైపు చూశాడు. కుర్చీ వైపు చూశాడు. కూచోలేదు.

కూర్మమ్మ వచ్చి తాడు మీద కూచుంది. ఆమె పక్కన ఒకరు, వాళ్ల పక్కన ఇంకొకరు. చివరికి ఎర్రన్న కర్ర పక్కన పడేసి కూలబడ్డాడు. గుమ్మం నించి గేటు దాకా మనుషులే దారి అయ్యారు. కాగితం మీద వేలిముద్ర చోటు ఖాళీగా ఉండిపోయింది.

ఎస్సై చెయ్యూపాడు. వ్యాను మెట్టు గంగులు తలకంటే ఎత్తు. ఒక్కొక్కరినీ చేపల గంపల్లా ఎత్తి పడేశారు. ఎర్రన్న నుదురు చిట్లింది. కూర్మమ్మ విరిగిన చేతి మీదే పడింది.

స్టేషను ముందు దించారు. తలుపు వెనక లాఠీలు వరసగా ఆనించి ఉన్నాయి. గుమ్మానికి అయిదు మెట్లు. పక్కన వాలు లేదు.

గంగులు తాడు కొస కూర్మమ్మకి అందించాడు. "పట్టుకోవే."

"ఏటిరా సేస్తన్నావు?" అని కానిస్టేబులు లాఠీ ఎత్తాడు.

"కొలుస్తన్నాను బాబూ," అన్నాడు గంగులు, మొదటి మెట్టు మీద చెయ్యేసి.