దేముడమ్మ పట్టిన ఒత్తు

అప్పలసూరి సన్నాయి వాయిస్తాడని గజపతినగరంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. తెల్లవారి అతను ఇంట్లో సాధకం చేసుకునేటప్పుడు పక్కన కూర్చుని ఒత్తు పట్టేది అతని భార్య దేముడమ్మ అని మాత్రం చుట్టుపక్కల నాలుగిళ్ల వాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఆ నాలుగిళ్ల వాళ్లూ తెలియనట్టే ఉండేవారు. ఆడది మేళంలో కూర్చోవడం ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదు మరి.

ఒత్తు కూడా చూడ్డానికి సన్నాయిలాంటిదే. వేళ్లు ఆడించడానికి కన్నాలు మాత్రం ఉండవు. అది ఒక్క స్వరమే పలుకుతుంది. పాట ఉన్నంతసేపూ ఆ ఒక్క స్వరాన్నీ ఊదుతూనే ఉండాలి. పక్కన సన్నాయి ఎంత దూరం పోయినా దాన్ని పట్టుకునే వెనక్కి వస్తుంది. పెళ్లిళ్లలో ఆ పని అసిరయ్యది. అప్పలసూరికి తమ్ముడి వరస. బుగ్గల్లో గాలి దాచుకుని, ముక్కుతో ఊపిరి తీసుకుంటూ, తలంబ్రాలు మొదలు భోజనాల దాకా తెంపకుండా ఊదగలడు. కాని అతని ఇల్లు గంట్యాడ అవతల. రోజూ కోడికూతకి వచ్చి కూర్చోమంటే ఎవరు మాత్రం వస్తారు? అందుకే ముసలి మావగారు దగ్గు పట్టుకుని ఒత్తు కింద పెట్టేసిన ఏడాది, అది కొత్తకోడలు దేముడమ్మ చేతికొచ్చింది.

“నానేటి బావా, ఒత్తు పట్టడమేటి? పొయ్యి ఊదమంటే ఊదుతాను గాని” అంది ఆవేళ.

“పొయ్యే అనుకో. ఆరిపోకుండా ఊదు, సాలు” అన్నాడు అప్పలసూరి.

ఆరిపోకుండా ఊదడం ఆమెకి ఏనాటికీ చాతకాలేదు. బుగ్గల్లో గాలి నిలిపే కిటుకు మావగారు ఎంత చెప్పినా పట్టుబడలేదు. ఊపిరి అయిపోయేది. అయిపోబోతుండగా అప్పలసూరి ఎక్కడున్నా, ఏ పై స్థాయిలో తిరుగుతున్నా, మెల్లిగా దిగొచ్చి ‘సా’ మీద నిలబడేవాడు. ఆ ఒత్తు స్వరాన్ని తన సన్నాయితో తనే పట్టుకుని ఉండేవాడు. ఆమె నిండా ఊపిరి తీసుకుని మళ్లీ అందుకున్నాక, అప్పుడు కదిలేవాడు. ఆగమని ఆమె అడగలేదు. ఆగుతానని అతనూ చెప్పలేదు. ఇద్దరు పిల్లలు పుట్టి నిలవలేదు. ఆ రోజుల్లో కూడా సాధకం మానలేదు. ఏడుపు అడ్డుపడి ఆమె ఊపిరి తొందరగా తెగిపోయేది. అతనూ తొందరగానే దిగొచ్చేవాడు.

పగలల్లా అతను ఆమెతో మాట్లాడేది తక్కువ. కూర బాగుంటే బాగుందనడు. దేముడమ్మకి దాని గురించి బెంగ లేదు. తెల్లవారి జరిగినది ఆమెకి రోజంతా సరిపోయేది. బెంగ మరొకటి. ఆమె మనసు ఎప్పుడూ ముందు చెడ్డే తలచుకుంటుంది. అతను పెళ్లికని బస్సెక్కితే ఆ బస్సు బోల్తాపడ్డట్టు కనబడేది. తిరిగొచ్చి గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడు వినేదాకా ముద్ద దిగేది కాదు.

చివరికి వచ్చినది మాత్రం ఆమె తలచుకోని వైపు నుంచి వచ్చింది.

అరసవల్లిలో బట్టలకొట్టు షావుకారింట పెళ్లికి మేళం వెళ్లింది. ఆ పెళ్లికొచ్చిన చుట్టాల్లో విశాఖపట్నం రేడియోలో పనిచేసే పెద్దాయన ఒకడున్నాడు. భోజనం మానుకుని మరీ కూర్చుని విన్నాడట. నెల తిరక్కుండా కబురొచ్చింది. అప్పలసూరి, అసిరయ్య కలిసే వెళ్లారు. తిరిగొచ్చేటప్పుడు అసిరయ్య ముందు నడిచి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

“నన్ను గుమ్మం కాడే కూకోబెట్టీసినారు వదినా. ఒత్తక్కర్నేదట.”

“అక్కర్నేకపోవడమేటి?”

“ఆళ్లకి శృతిపెట్టుందట. తిత్తి నొక్కుతుంటే అదే కూస్తాదట. డోలూ తాళం కూడా ఒద్దన్నారు. ఈయన్ని ఒక్కణ్నీ లోపలెట్టి తలుపేసీసినారు. నానేమో బైట కూకుని ఆళ్ల బంట్రోతుతో బీడీలు కాల్చొచ్చినాను. రాగమాలాపించినానని సెప్పుకోవాలి ఊర్లో.”

అప్పలసూరి కాళ్లు కడుక్కుంటూ నవ్వాడు. రాత్రి అన్నం తింటూ ఎన్నడూ లేనిది తనంతట తనే మాట్లాడాడు.

“ఆ గది గోడలకి గోనెల్లాటివి కొట్టీసినారే. నా ఊదుడు నాకే తిరిగి రాదు. గాజుపలక అవతల ఒకాయన చెయ్యూపుతాడు, ఊదాల. మళ్లీ ఊపుతాడు, ఆపాల. ఆహా అన్నోడు నేడు, తలూపినోడు నేడు. నూతిలోకి ఊదినట్టున్నాది.”

“మరి ఆ పెట్టో?” అంది దేముడమ్మ.

“పెట్టె బాగానే ఉన్నాది. అలుపన్నది ఎరగదు.”

ఆ మాట ఆమెకి చేపముల్లులా గుచ్చుకుంది. అతను మజ్జిగ పోసుకుని తినేసి లేచిపోయాడు.

ఆ పాట రేడియోలో వేసిన సాయంత్రం పంచాయతీ ఆఫీసు ముందు జనం మూగారు. కర్రకి కట్టిన లౌడుస్పీకరు కింద మగవాళ్లు, సంతపాకల నీడన ఆడవాళ్లు. పొరుగింటి నారాయణమ్మ దేముడమ్మ రెక్క పట్టుకుని ముందుకి లాక్కొచ్చింది. ఎవరో అప్పలసూరి పేరు గౌరవంగా పలికారు. ఇంటిపేరుతో సహా. ఆ పేరు తమదేనా అనిపించింది ఆమెకి.

ముందు పెట్టె మొదలయింది. తరవాత సన్నాయి. దేముడమ్మ తలొంచుకుని వింది. రాగం మెట్టు మెట్టుగా ఎక్కింది. ఇంకాస్త ఎక్కింది. ఇంట్లో అయితే ఈపాటికి తన ఊపిరి అయిపోతుంది అనుకుందో లేదో, సన్నాయి దిగొచ్చి ‘సా’ మీద నిలబడింది.

పెట్టె కూస్తూనే ఉంది. దానికి ఊపిరితో పనిలేదు. అయినా అతను నిలబడ్డాడు. దేముడమ్మ తనకు తెలియకుండానే గుండెనిండా గాలి పీల్చింది. ఆమె పీల్చడం అయ్యాక సన్నాయి కదిలింది.

“ఏటే, అలా గుటకలేస్తన్నావు? దిష్టి కొట్టినాదేటి?” అంది నారాయణమ్మ.

“ఏటీ నేదు.”

ఆ పాట అయ్యేలోపల అతను అలా చాలాసార్లు ఆగాడు. ఆగినప్పుడల్లా ఆమె ఊపిరి తీసుకుంది. బడిపంతులు సీతారామారావుగారు పక్కవాళ్లతో, “ఆ నిలపడం చూశారూ? పాట మధ్యలో అలా వచ్చి నిలబడడం ఎంతమందికొస్తుందండీ?” అనడం వినబడింది. దేముడమ్మ ముఖం వేడెక్కింది. ఊరందరి ముందూ అతను తన చెయ్యి పట్టుకున్నట్టు సిగ్గుపడింది. చీకటి పడుతుంటే ఒక్కతే ఇంటికొచ్చి, దీపం పెట్టకుండా కాసేపు కూర్చుంది.

దాని వెనకే రేడియోలో ఉద్యోగం వచ్చింది. నెలజీతం. విశాఖపట్నంలోనే ఉండాలి. ఇల్లు కుదిరాక తీసుకెళ్తానన్నాడు. ప్రస్తుతానికి మరో ఇద్దరితో కలిసి ఒక గదిలో సర్దుకున్నాడు. మేళం చెదిరిపోయింది. అసిరయ్య పొలంపనికి పోతున్నాడని తెలిసింది.

దేముడమ్మకి కోడికూతకి మెలకువ వచ్చేసేది. లేచి చాప పరిచేది. పరిచాక గుర్తొచ్చేది. ఒకనాడు ఉండబట్టలేక ఒత్తు తీసి, దాని మొననున్న రెల్లుపీక తడిపి ఊదింది. పాట లేకుండా వట్టి ఒత్తు ఎంత వికారంగా ఉంటుందో అంతవరకు ఆమె ఎరగదు. గోడ అవతల నుంచి నారాయణమ్మ కేకేసింది.

“ఓలమ్మ! రైలేటి ఈదిలోకి వచ్చీసినాదా?”

దేముడమ్మ కూడా నవ్వింది. నవ్వి, పాతచీర ముక్కలో దాన్ని చుట్టి అటకెక్కించేసింది.

వానాకాలంలో సెలవు పెట్టి అప్పలసూరి వచ్చాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు. కాస్త చిక్కాడు. ఆమె కోడిని కోసి పులుసు పెట్టింది. మర్నాడు తెల్లవారకముందే అటక మీది నుంచి ఒత్తు దించి, తుడిచి, చాప మీద కూర్చుంది. అతను వచ్చి పక్కన కూర్చున్నాడు. ఎన్నాళ్లో తరవాత ఇల్లు నిండింది.

ఊపిరి అయిపోవచ్చింది. ఆమె ఎదురుచూసింది. సన్నాయి పైకే వెళ్లింది. ఇంకొంచెం బిగబట్టింది. ఇప్పుడు దిగొస్తాడు, ఇప్పుడొస్తాడు. కళ్ల ముందు నల్లటి చుక్కలు తిరిగాయి. ఒత్తు కీచుమని తెగిపోయింది. దగ్గు ముంచుకొచ్చింది. సన్నాయి మాత్రం ఆగకుండా ఒక చుట్టు పూర్తి చేసుకుని, తీరిగ్గా దిగింది.

“ఏటయినాది?” అన్నాడు అప్పలసూరి.

“ఊపిరందనేదు.”

“అలవాటు తప్పిపోనాది నీకు. పోన్లే, నీళ్లు తాగు.” సన్నాయి ఒళ్లో పెట్టుకుని అతను సంబరంగా అన్నాడు. “నాది ఇప్పుడెలాగున్నాది? ధార తెగుతున్నాదా?”

“నేదు.”

“అక్కడ ముసలి విద్వాంసుడొకాయన ఉన్నాడే. దేముడిలాటి మనిషి. మొదటి రోజే పట్టీసినాడు. ‘ఒరే, నీకు ఊదుతూ ఊదుతూ ఊరికినే ఆగిపోయే చెడ్డలవాటుంది, ఎవరు నేర్పార్రా’ అన్నాడు. నాకేటి తెల్సు? తెల్దండీ అన్నాను. నిజింగానే తెల్దు. ఆయన ఎదర కూకుని, ఆగినప్పుడల్లా తొడమీద కొట్టి కొట్టి మానిపించినాడు.”

దేముడమ్మ చెంబు ఎత్తుకుని నీళ్లు తాగింది. అంతసేపు తాగడానికి అందులో నీళ్లు లేవు.

ఇన్నేళ్లూ తన కోసం ఆగుతున్నాడనుకుంది. అతను ఆగిన మాట నిజమే. కాని ఆ సంగతి అతనికే తెలియదు. ఇక చెప్పడమెందుకు? చెబితే మళ్లీ ఆగుతాడేమో. ఆగితే ఆ ముసలాయనకి కోపం వస్తుందేమో, ఉద్యోగం పోతుందేమో. చెప్పకపోతే, ఒకప్పుడు అలా ఉండేదన్న సంగతి ఈ భూమ్మీద తనొక్కదానికే తెలిసి, తనతోనే పోతుంది. సెలవున్నన్నాళ్లూ ఆమె ఈ రెండిటి మధ్యా నలిగింది. మళ్లీ చాప పరవలేదు. ఎందుకని అతనూ అడగలేదు. పెరట్లోకెళ్లి ఒక్కడే ఊదుకున్నాడు.

వెళ్లేరోజున స్టేషను దాకా సాగనంపింది. రాయగడ నుంచొచ్చే పాసింజరు. కిటికీ పక్కన చోటు దొరికింది. కిందనుంచి ఆమె అటుకుల మూట అందించింది.

“కాసిన్నాళ్లు ఓపిక పట్టు. గది సూసి నిన్నూ తీసుకెల్తాను” అన్నాడు.

“అక్కడ సాధకం ఎక్కడ సేస్తావు బావా?”

“ఇళ్ల మధ్యన ఊదనివ్వరే. రేడియో స్టేషన్లోనే సేసుకుంటాను.”

“ఎవరితోటి?”

“ఎవరితోటేటి? తలుపేసుకుని ఒక్కణ్నే. పెట్టుంది కదేటి.”

చెప్పకూడదనే అనుకుంది. రైలు కదిలిపోతుందన్న కంగారులో నోరు జారింది.

“ఆ సెడ్డలవాటు నాది బావా.”

“ఏ అలవాటు?”

“ఆగిపోయేది. నా ఊపిరి అయిపోయినప్పుడల్లా నువ్వు సా మీదికొచ్చి నిలబడీవోడివి. నానందుకున్నాక ఎల్లీవోడివి. పెళ్లైన కాణ్నించీ. నీకు తెల్దేటి?”

అప్పలసూరి ముందు నవ్వాడు. “ఓసి పిచ్చిదానా” అనబోయాడు. కిటికీ ఊచ మీద ఉన్న అతని వేళ్లు సన్నాయి కన్నాల మీద ఆడినట్టు ఆడాయి. ఆడి, ఒకచోట ఆగాయి. మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ ఆగాయి. అతని ముఖంలో నవ్వు పోయింది.

“అవునే” అన్నాడు.

దేముడమ్మ కిటికీకి ఇంకాస్త దగ్గరగా జరిగింది.

“సెప్పకుండా ఉండాల్సింది దేముడూ. తెలీకుండా ఆగినాను, తెలీకుండానే మానీసినాను. ఆ ఇసయం అలా పోయీది. ఇప్పుడు ఆ సోటొచ్చినప్పుడల్లా నువ్వు నా పక్కన ఊపిరెగరోసుకుంటా కూకుంటావు. ఆగితే ఆయనూరుకోడు. ఆగకపోతే...”

బండి కూతేసింది. అతను ఇంకేదో అన్నాడు, వినబడలేదు. చెయ్యి ఊపడం మరిచిపోయి ఆమెనే చూస్తూ వెళ్లిపోయాడు. బొగ్గునుసి కళ్లలో పడి ఆమెకి రైలు చివరి పెట్టె కూడా సరిగా కనబడలేదు.

నాగావళి పొంగి తగ్గాక, మళ్లీ రేడియోలో అప్పలసూరి పాట ఉందని ఊళ్లో చెప్పుకున్నారు. సాయంత్రం నారాయణమ్మ తల దువ్వుకుని, కొప్పులో పువ్వు పెట్టుకుని వచ్చింది.

“రావేటే? నీ మొగుడి పాటకి నిన్ను బొట్టెట్టి పిలవాలా?”

“సోళ్లు దంచాల. నువ్వెల్లు వదినా.”

ఆమె వెళ్లాక దేముడమ్మ రోట్లో చోళ్లు పోసింది. పంచాయతీ ఆఫీసు అంత దూరమేమీ కాదు. గాలి ఇటు తిరిగితే లౌడుస్పీకరు వినబడుతుంది. పెట్టె కూత మొదలవగానే రోకలెత్తింది. దంచింది. చెయ్యి మార్చకుండా, మధ్యలో ఎగదోయకుండా దంచింది. పాట ఏదో మూల నుంచి చెవిలో దూరబోతే ఇంకాస్త గట్టిగా దంచింది. చెమట కళ్లలోకి కారింది. పక్కవీధిలో జనం మాట్లాడుకుంటూ తిరిగొస్తున్న అలికిడి అయ్యేదాకా ఆపలేదు. అప్పటికి పిండి దుమ్ములా అయిపోయింది.

నారాయణమ్మ తిన్నగా పెరట్లోకి వచ్చింది.

“ఓలమ్మ, ఏటి ఊదీసినాడే మీ ఆయన! పంతులుగారు కన్నీళ్లెట్టుకున్నాడు. అందరూ నీ గురించే అడిగినారు. ఒంట్లో బాగోనేదని సెప్పీసినాను.”

దేముడమ్మ రోకలి పట్టుకుని నిలబడింది. మధ్యలో ఎక్కడైనా ఆగాడా అన్న మాట నాలిక చివరి దాకా వచ్చింది. అడిగితే నారాయణమ్మ చెప్పేస్తుంది. దాచుకునే మనిషి కాదు. ఆగాడని చెబితే ఇవాళే ఆ ముసలాయన ఏమన్నాడో అని బెంగ. ఆగలేదని చెబితే, అతనన్నట్టు పక్కన తను కూర్చుని ఉండగా చూస్తూ దాటిపోయాడన్నమాట.

“బాగుందన్నారా అందరూ?” అంది.

“బాగోకేటి!”

“అయితే సాల్లే” అంది దేముడమ్మ. రోట్లో ఇంక దంచేందుకేమీ లేకపోయినా రోకలి మళ్లీ ఎత్తింది.