మూడో తొట్టి నీళ్లు

ఇమ్రిహ్ కాలికి తగిలిన దెబ్బ చిన్నదే. వాహ్ నది ఒడ్డున వేడి ఊటల దగ్గర, రోగుల ఒంటికి పూసే బురద తవ్వి స్నానశాలకు మోసేవాళ్లం మేం. పార అంచు తగిలి కాలు తెగడం మాకు మామూలే. స్నానశాల డాక్టరు చూసి, "మూడో తొట్టిలో కూర్చో, మానిపోతుంది" అన్నాడు.

మా స్లాతినా ఊరి స్నానశాలలో తొట్లు మూడు. పొద్దున్నే మొదటి తొట్టిలో వియన్నా నుంచి వచ్చిన దొరలు కూర్చుంటారు. వాళ్లు లేచాక ఆ నీళ్లే గొట్టంలోంచి రెండో తొట్టికి, గుమాస్తాల ఒళ్లు నానడానికి పోతాయి. మధ్యాహ్నానికి చెమటా చీమూ మూత్రమూ కలిసి చిక్కబడి మూడో తొట్టికి దిగుతాయి. అది మాకు. దానికి స్నానశాల నడిపే కంపెనీ పెట్టిన పేరు 'ధర్మస్నానం'.

ఆ రోజు ఇమ్రిహ్ పక్కన నేనూ కూర్చున్నాను. పసుపుపచ్చటి కట్టుగుడ్డ ఒకటి తేలుతూ అతని మోకాలి దగ్గరికొచ్చింది. వేలితో ఎత్తి చూసి, "ఏ దొర పుండుదో! మనకు కానుక పంపాడు" అన్నాడు. అందరం నవ్వాం. అన్నల్లారా, తమ్ముళ్లారా, అలా నవ్వినందుకు ఇప్పటికీ నా మీద నాకే రోత.

పన్నెండో రోజుకు కాలు తొడదాకా నల్లబడి ఇమ్రిహ్ చచ్చిపోయాడు. తాగుడు వల్ల పోయాడని డాక్టరు రాశాడు. ఇమ్రిహ్ జన్మలో సారా ముట్టలేదు.

పాతిపెట్టి వచ్చి, బట్టలుతికే షెడ్డులో చేరాం. ఇమ్రిహ్ భార్య వెరోనా రోగుల దుప్పట్లు ఉతికేది అక్కడే. ఆమె ఏడవలేదు.

"రేపట్నించి బురద ఎవరూ మొయ్యకండి" అంది.

గదులు అద్దెకిచ్చే గెయ్జా లేచాడు. "ఊరుకోవే తల్లీ! నీ కడుపుమంట నాకు తెలీదా? కానీ రోగులు రాకపోతే ఊరంతా గడ్డి తినాలి. వాళ్ల జబ్బే మన కూడు."

"ఎండాకాలమంతా నీ మంచం వాళ్లకిచ్చి, నువ్వూ అత్తా మేకల పాకలో పడుకుంటారే, ఆ కూడేనా మావయ్యా?"

షెడ్డంతా గొల్లున నవ్వింది. గెయ్జా తల దించుకుని కూర్చున్నాడు.

ముసలి బార్బొరా గొంతు సవరించుకుంది. "మా అమ్మమ్మ కాలంలో తొట్లెక్కడివర్రా? ఒళ్లు నొప్పెడితే ఒడ్డున గుంట తవ్వుకుని కూర్చునేవాళ్లు. శుభ్రమైన వేణ్నీళ్లు ఊరేవి. జమీందారొచ్చి ఒడ్డు చుట్టూ కంచె కొట్టాడు. వాడి కొడుకు జూదంలో మునిగి కంపెనీకి అమ్మేశాడు. భూమిలో పొయ్యి రాజేసింది వీళ్ల తాతా?"

"కంచె దాటితే కాలుస్తారే ముసల్దానా!" అన్నారెవరో.

"మూడో తొట్టి కాల్చకుండానే చంపుతోందిగా" అంది వెరోనా.

ఆదివారం, స్నానశాలలో ఏటా జరిగే వసంత పండగ. బ్యాండు వాయిస్తున్నారు. రెండు వందల మందిమి పారలతో పండక్కొచ్చిన షోకిలా జనం మధ్యలోంచే నడిచాం. దొరసానులు ముక్కులకు రుమాళ్లు అడ్డం పెట్టుకున్నారు. కంచె పీకి ఒడ్డున గుంటలు తవ్వాం. నడుము లోతున నీళ్లు ఊరాయి. తేటగా, పొగలు కక్కుతూ. ఆడవాళ్లు లంగాలతోనే దిగారు.

మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. "ఇవి కంపెనీ నీళ్లు! లేవండి, దొంగముండల్లారా!"

"లేస్తాం దొరా" అంది వెరోనా. "మా మూడో తొట్టిలో ఒక్కసారి నువ్వు దిగు. మేమిక్కడ లేస్తాం."

అతను కోటు అంచులు దగ్గరికి లాక్కుని రెండడుగులు వెనక్కి వేశాడు. దొరలంతా చూశారు. బ్యాండు ఆగిపోయింది.

పోలీసులు వెరోనాను జుట్టు పట్టి ఈడ్చారు. తడిబట్టలతోనే బేడీలు వేశారు. ఆమె గుంటలోకి బార్బొరా దిగింది. ఆమెనూ ఈడ్చారు. చూసిపోదామని వచ్చిన గెయ్జా, పాపం, ఒడ్డున కూర్చుని మెల్లగా బూట్లు విప్పాడు.

"కాస్త జరగండర్రా" అన్నాడు.

సాయంత్రానికి ఠాణాలో చోటు లేకపోయింది. పక్క ఊళ్లనుంచి పారలు భుజాన వేసుకుని జనం ఇంకా వస్తూనే ఉన్నారు.