మైలుతుత్తం వెయ్యని జిగురు

ఇరవై ఆరేళ్లుగా ఆ రికార్డుల దుమ్ము దులిపింది ఆమె. వచ్చినవాళ్లకి వాటి గురించి ఉపన్యాసాలిచ్చింది ఆయన. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా! నాలుగు వందల పైచిలుకు పంక్ రికార్డులు. పెద్ద కంపెనీలు ముట్టుకోని తిరుగుబాటు పాటలు, కుర్రకారు చందాలేసుకుని గుట్టుగా అచ్చేయించుకున్నవి. అందులో సగం పెళ్లయ్యాక ఆమె పెట్టెలో వచ్చినవే. అయినా అత్తగారు "మావాడి పిచ్చి" అనీ, పక్కింటివాళ్లు "మీవారి కలెక్షన్" అనీ, అందరూ కలిసి వాటిని ఆయనకే కట్టబెట్టేశారు. కాదనడానికి ఆమెకి తీరికేదీ, వచ్చినవాళ్లకి టీ పెట్టాలి కదా.

ఇప్పుడు చిన్న ఇంటికి మారుతున్నారు. అమ్మేద్దామని ఆయనంటే ఆమెకి బెంగేమీ కలగలేదు, హాయిగానే అనిపించింది. ఒక్కోదాన్నీ తీసి మెత్తటి గుడ్డతో తుడిచే పని తప్పుతుంది. ఒక్కటి మాత్రం ఉంచుకోవాలి, పొద్దున్నే తీసి బట్టల కింద దాచాలి అనుకుంది. కానీ ఆయనకి దొరకని కళ్లజోడు, అత్తగారి మందులు, నీళ్లు దిగని సింకు, ఒకదాని వెనక ఒకటి. అవి తెమిలేసరికి పాత రికార్డుల కొట్టాయన వచ్చి కూర్చున్నాడు. అది కూడా అమ్మేవాటితోపాటు అట్టపెట్టెలోనే ఉండిపోయింది.

కొట్టాయన ప్రతి రికార్డునీ కిటికీ వెలుగులో వాల్చి గీతలు చూస్తున్నాడు. ఉన్నట్టుండి ఆగాడు. చేత్తో మడిచి అంటించిన ముతక కాగితం కవరు, పేరూ ఊరూ లేదు, ఒక మూల పురుగు కొట్టేసింది. దీనికోసం ఎన్నేళ్లుగానో వెతుకుతున్నానన్నాడు.

"అదా? ఎవరో అమ్మాయి గొంతు చించుకుంటుంది లెండి. పురుగు కూడా పట్టింది, ఊరికే పట్టుకెళ్లండి" అన్నాడు భర్త.

ఆమె వంటింటి గుమ్మంలోకి వచ్చింది. ఇప్పుడు నోరు విప్పకపోతే అది గడప దాటిపోతుంది.

"జిగురులో మైలుతుత్తం వెయ్యలేదు, అందుకే పట్టింది" అంది. ఇద్దరూ తిరిగి చూశారు. "మైదా ఉడికించింది నేనే. పురుగు పట్టకుండా అది కలపాలని అప్పుడు తెలీదు. మా బ్యాండులో ముగ్గురు మగపిల్లలూ నేనూ. లోకాన్ని తిరగరాస్తామన్నవాళ్లు కూడా స్టవ్ దగ్గరికి నన్నే తోశారు. ఆ గొంతు కూడా నాదే."

భర్త నవ్వబోయి ఆగిపోయాడు. "నువ్వా? ఇంట్లో గట్టిగా పిలవడం కూడా నేను వినలేదే."

నిజమే. కాపురానికొచ్చిన వారంలోనే అత్తగారు, ఆడదాని మాట పక్కగదికి వినపడకూడదన్నారు. ఆ రోజు నుంచి భోజనానికి ఎవరిని పిలవాలన్నా ఆ గదిదాకా నడిచి వెళ్లి మెల్లగా చెబుతోంది. ఎన్ని అడుగులో అలా!

కొట్టాయన లేచి నిలబడి రికార్డుని రెండు చేతులతో ఆమెకి అందించాడు. "ఇది అమ్మకండమ్మా. ఒక్కసారి వినిపించండి, చాలు."

ఆమె వెళ్లి ప్లేయర్ ముందున్న భర్త కుర్చీలో కూర్చుంది. కుర్చీ మెత్తగానే ఉంది. ఇన్నాళ్లూ దులపడమే గానీ కూర్చున్నది లేదు.

"ఏవండీ, స్టవ్ మీద పాలున్నాయి, పొంగిపోకుండా చూడండి" అంది, పక్కగదిలో అత్తగారికి కూడా వినపడేంత గట్టిగా. ఆయన వంటింట్లోకి వెళ్లేదాకా ఆగి, ముల్లు దించింది.