విల్లు చెట్టుకి ఎర్ర గుర్తు

మేడ మీద బట్టలు ఆరేస్తున్నాను. మల్కాపురంలో ఆ పని ఎందుకు చేస్తామో ఎవరికీ తెలియదు. ఆరేలోగా పోర్టు బొగ్గు పొడి పట్టి మళ్లీ ఉతుకుడికి సిద్ధమవుతాయి. అప్పుడే ఎదురుగా కొండ కూలింది. రోడ్డు కోసం కింద నుంచి తొలుచుకొస్తున్న కొండ. ముందు కాస్త మట్టి రాల్చింది, తర్వాత ఒక్కసారిగా కూర్చుండిపోయింది.

నేను వెళ్లేసరికి దాలయ్యను బయటికి తీసి సిమెంటు సంచులు కప్పారు. అరకు అవతలి ఊరి నుంచి భార్య సుక్రితో కూలికి వచ్చిన మనిషి. చేతిలో ఒక కొమ్మ అలాగే ఉండిపోయింది. సూపర్‌వైజర్ ఎల్లారావు ఆ వేళ్లు విడదీసి కొమ్మ లాక్కున్నాడు.

"సూడండి! ఈడు మా పనోడు కాదు. కర్ర దొంగతనానికి కొండెక్కాడు, సచ్చాడు. కంపెనీకేటి సమ్మందం?"

కూలీలందరూ తలలు వంచి నేల చూశారు. ఆ మట్టి మీద వాళ్లకు అంత శ్రద్ధ అంతకు ముందెప్పుడూ లేదు.

"దొంగ కాడు బాబూ," అంది సుక్రి. "విల్లు సేసుకుందారని కొట్టాడు. సైత్రం పండగొత్తంది."

చైత్రంలో వాళ్ల మగవాళ్లు విల్లు పట్టి వేటకు పోతారు. ఉత్త చేతులతో తిరిగొచ్చినవాడికి ఆడవాళ్లు పేడనీళ్లతో స్వాగతం చెబుతారు. సుక్రి అత్తవారింట ఇంకో పద్ధతి కూడా ఉంది: మగవాడు పోతే పక్కన విల్లు పెట్టి పంపాలి. దాలయ్య పాత విల్లును ఊళ్లో చెదలు తినేశాయి.

శవాన్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. రేపు ఇస్తామన్నారు. ఈలోగా సుక్రికి కావలసినవి రెండే. మొగుడి మీద పడిన దొంగ అన్న మాట పోవాలి. పక్కన విల్లు ఉండాలి. మొదటిది నేను చూస్తానంది గ్రేసీ. మా పక్కింటావిడ. మొగుడు పోర్టులో కాంట్రాక్టు కూలీ, ఆవిడ గొంతు మాత్రం పర్మనెంటు. రెండోదానికి నేను బయల్దేరాను. నాది బోటనీ డిగ్రీ. ఇన్నేళ్లలో అది కరివేపాకు దాటి ముందుకు పోలేదు.

సుక్రి దగ్గరున్నది దాలయ్య మొలలో దోపుకున్న బెరడు పీలిక ఒక్కటే. పైన బూడిద రంగు, లోపల ఎరుపు.

"మా కొండల్లో తడ సెట్టు కొడతారక్కా. ఇక్కడది నేదు. ఆడు దేన్ని సూసి నప్పుద్దనుకున్నాడో నాకేటి తెల్సు?"

కొండలో కూలకుండా మిగిలిన వైపు ఎక్కాం. బూడిద రంగు బెరడు కనిపించిన మొదటి చెట్టు కొమ్మ వంచాను. పుటుక్కుమంది. "పొయ్యిలోకి," అంది సుక్రి. రెండోది వంగింది, మళ్లీ లేవలేదు. "ఇది బుట్టలోకి." మూడోది వంచి వదిలితే తిరిగొచ్చి నా చెంప పగలగొట్టింది. సుక్రి నవ్వింది, నవ్వుతూనే ఏడ్చేసింది. బెరడు ఆనించి చూశాం. అదే. కొమ్మ నరికిన చోటు ఇంకా తడిగా ఉంది. ఆ చెట్టు పేరు ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

దాని మొదట్లో ఎర్ర రంగు గుర్తు ఉంది. చుట్టూ ఉన్న చెట్లన్నిటికీ ఉంది. కొట్టేయాల్సిన చెట్లకు కాంట్రాక్టరు మనుషులు పూసే రంగు అది. కొట్టమని పంపిన చెట్టునే దాలయ్య కొట్టాడు.

సాయంత్రం చర్చి వరండాలో కూలీలందరినీ గ్రేసీ పోగుచేసింది. రోజూ దాలయ్యతో కొండెక్కే కన్నబాబును నిలదీసింది.

"ఎవుడు పంపాడ్రా మిమ్మల్ని పైకి?"

"నాను సెప్తే రేపు పన్లోంచి తీసేత్తారు. కూడు నువ్వెడతావేటి?"

"నోరిప్పితే పని పోద్ది, ఇప్పకపోతే పేణం పోద్ది," అంది ఇటుకలు మోసే వరహాలు. "ఏది పోవాలో తేల్చుకోండి."

సుక్రి లేచి, మేం తెచ్చిన కొమ్మను కన్నబాబు ముందు పెట్టింది.

"నువ్వేటీ సెప్పొద్దు తమ్ముడా. విల్లు సెయ్యి, సాలు."

కన్నబాబు కత్తి తీసి చెక్కడం మొదలుపెట్టాడు. సగం చెక్కాక చెయ్యి ఆగిపోయింది.

"ఎల్లారావే పంపాడు. ఆ రంగు డబ్బా మోసింది నానే. కింద తవ్వేత్తన్నారు, పైన ఉండనేమంటే బూతులు తిట్టాడు. దాలయ్య నన్ను నీళ్లకి పంపాడమ్మా. నీళ్లతో పైకెక్కేతలికి... కొండ నేదు."

"నన్నూ పంపాడు," అంది వెనక నుంచి ఒక గొంతు. "మమ్మల్నీ," అన్నారు ఇంకెవరో.

మర్నాడు మగకూలీలందరూ ఆ మాటే చెప్పడానికి పోలీస్ స్టేషన్‌కు వెళ్లారు. ఎస్సై వాళ్ల మాట వినలేదు, కన్నబాబు భుజాన ఉన్న విల్లు చూశాడు. మారణాయుధం అన్నాడు. చెట్టు నరికిన కేసు కూడా కలిపి అందరినీ లోపల కూర్చోబెట్టాడు. విల్లూ లోపలికే పోయింది.

"కొండంతా కొట్టినోడికి కాంట్రాక్టు, కొమ్మ కొట్టినోడికి కేసు!" గ్రేసీ గేటు దగ్గర అరిచిన అరుపు రోడ్డు చివరిదాకా వినిపించింది.

శవం వచ్చింది. సుక్రి విల్లుకి బదులు దాలయ్య పక్కన బెరడు పీలిక పెట్టింది. మొయ్యడానికి మగవాళ్లు లేరు.

"ఆడోళ్లు పాడె మొయ్యకూడదమ్మా," అంది ఒక ముసలమ్మ.

"ఇటుకలు మొయ్యొచ్చేటి?" అని వరహాలు ముందు కొమ్ముకి భుజం పెట్టింది. రెండో కొమ్ముకి గ్రేసీ. వెనక నేనూ ఇంకొకామె. ఎప్పుడూ ఏమీ మోయని నా భుజం మొదటి మలుపుకే మండిపోయింది.

దారి చీలిన చోట, ముందు నడుస్తున్న సుక్రి శ్మశానం వైపు తిరగలేదు. సైటు వైపు తిరిగింది. ఎల్లారావు పరుగెత్తుకొచ్చాడు.

"ఇటెక్కడికి? శ్మశానం అటేపు!"

"తెల్సు బాబూ. ముందు డూటీకొచ్చాడు. హాజరెయ్యి."

"సచ్చినోడికి హాజరేటే?"

మా వెనకున్న ఆడకూలీలు రోజూ పొద్దున నిలబడే వరసలోనే నిలబడ్డారు.

"ఆడికి ఎయ్యి," అంది వరహాలు, పాడె దించకుండానే. "ఎయ్యనంత వరకూ మా పేర్లూ పిలవకు."

ఎల్లారావు ఫోన్ తీసి పోలీసులను రమ్మంటున్నాడు. కొండ అంచున తవ్వుతున్న పొక్లెయిను ఆగింది. డ్రైవరు తాళం జేబులో వేసుకుని దిగివచ్చి నా పక్కన భుజం పెట్టాడు.