ముందు నీ మిషను

కృష్ణవేణమ్మ పిత్తాశయంలో రాళ్లున్నాయని కర్నూలు డాక్టరు చెప్పి రెండేళ్లు దాటింది. బేతంచెర్లలో ఆమె ఇంటి చుట్టూ రాయే, రోడ్డు మీద పోయే లారీల నిండా రాయే, మొగుడు ఓబుళేశు పనిచేసే పాలిషింగు ఫ్యాక్టరీలో పొద్దుగూకులూ రాయే. "ఇది చాలదని కడుపులో గూడా ఎత్తిపెట్టుకున్నెవా?" అన్నాడు ఓబుళేశు. ఆ విషయంలో ఆయన చేసిన సాయం అంతవరకే.

ఆపరేషను చిన్నదేనని, బెజ్జాలు పెట్టి తీసేస్తారని, మర్నాడే ఇంటికి పోవచ్చని డాక్టరు చెప్పాడు. వదిలేస్తే ఎప్పుడో ఒకప్పుడు చీము పడుతుంది, అప్పుడు అది చిన్న ఆపరేషను కాదు అని కూడా చెప్పాడు. కృష్ణవేణమ్మ రెండో మాట నమ్మింది, మొదటిది నమ్మలేదు. చేయించుకున్నా చస్తాను, చేయించుకోకపోయినా చస్తానని తేల్చుకుంది. చేయించుకోకుండా చావడంలో తిరుగుడు తక్కువ.

ఆషాఢంలో ఒళ్లు కోయించుకోకూడదంది. వానాకాలంలో కుట్లు ఆరవంది. ఎండాకాలంలో చెమటకు చెడతాయంది. చలికాలానికి ఏ సాకూ దొరక్క కొన్నాళ్లు ఇబ్బంది పడింది గానీ, ఆడబిడ్డ గంగక్క మోకాలి ఆపరేషనుకు నడిచిపోయి కుంటుకుంటూ వచ్చేసరికి ఆ ఇబ్బందీ తీరింది.

కూతురు మధులత కర్నూల్లో అదే ఆస్పత్రిలో కంప్యూటర్ల పని చూస్తుంది. పై అంతస్తులో ఒక చలిగది ఉంది. అందులో రెండు సర్వర్లు. ఎవరి స్కానింగయినా, ఎవరి రక్తపరీక్షయినా పోయి చేరేది వాటిలోకే. ఆ పిల్ల వేళకు తింటాందో లేదోనని చూసేదానికి కృష్ణవేణమ్మ కర్నూలొచ్చింది. వచ్చిన సాయంత్రమే, కూతురు ఆస్పత్రి మేనేజరు భూపేష్‌తో ఫోనులో మాట్లాడుతుంటే విన్నది.

"అప్‌డేటు చెయ్యాల సార్, నిజమే. ఈ నెల మాత్రం వద్దు. ఆడిట్ ఉండాది."

ఫోను పెట్టగానే తల్లి అడిగింది. "ఏంది వద్దంటాండావు?"

"సర్వర్ల ఫర్మ్‌వేర్ మార్చాల మా. కరెంటు తగలంగానే మిషనుకు ముందుగా వచ్చే బుద్ధి అది. డిస్కు యాడుండాదో, ఫ్యాను ఎంత తిరగాల్నో దానికి చెప్పేది అదే. ఇప్పుడున్నదాంట్లో లోపముందంట. ఏదో ఒకరోజు డిస్కులన్నీ ఒకేసారి ఆగిపోతాయని కంపెనీవాళ్లు రెండేళ్ల నుంచీ మొత్తుకుంటాండారు."

"మారిస్తే?"

"మార్చేటప్పుడు మధ్యలో ఏమన్నా అయిందనుకో, ఇంక లేవదు."

"ఇప్పుడు బాగా నడస్తాండాదా?"

"శానా బాగా నడస్తాండాది."

"మరి ముట్టుకునేది ఎందుకు?"

"నేననేది గూడా అదే మా."

మధులత ఏడో తరగతి దాటినాక తల్లీకూతుళ్లు ఒక మాట మీద నిలబడడం అదే మొదలు.

ఆ వారమంతా రాత్రి అన్నం తినేటప్పుడు మధులత ఫోను చూస్తూ, ఏ దేశంలోనో ఎవరో ఇట్లాగే అప్‌డేటు చేస్తే మిషను లేవలేదని చదివి వినిపించేది. కృష్ణవేణమ్మ కోయిలకుంట్లలో ఒకాయన హెర్నియాకని పోయి ఏమయ్యాడో చెప్పేది. ఇద్దరూ అన్నం బాగానే తినేవాళ్లు.

ఒకరోజు మధులత మజ్జిగ పోసుకుంటూ అంది. "అది సరే గానీ, నీ ఆపరేషను ఎప్పుడు మా?"

కృష్ణవేణమ్మ సిద్ధంగానే ఉంది. "ముందు నీ మిషను సరిచెయ్యి. డాక్టరు నా కడుపు కోసినాక నీ మిషను ఆగిపోతే?"

"ఆపరేషన్ థియేటరుకు, దానికి సంబంధం లేదు."

"నా స్కానింగు ఉండేది దాంట్లోనే కదా? రాళ్లు యాడుండాయో ఆయప్పకు ఎట్ల తెలుస్తాది?"

మధులత దీనికి జవాబు చెప్పబోయి, చెప్పడానికి సగం రాత్రి పడుతుందని మానుకుంది.

"ముందు నీ మిషను, తర్వాత నేను. మాటంటే మాట," అంది కృష్ణవేణమ్మ. ఆ రాత్రి ఆమె హాయిగా నిద్రపోయింది. తన కడుపున పుట్టిన పిల్ల. ఆ పిల్ల ఆ మిషను జోలికి పోదు.

గురువారం పొద్దున ఉగ్గాణి, బజ్జీ తిన్నాక నొప్పి వచ్చింది. ఎప్పుడూ వచ్చి పోయే నొప్పి కాదు. కుడిపక్క డొక్కలో మొదలై వీపులోకి పాకి, ఆమెను వంటింటి గచ్చు మీద పడుకోబెట్టింది. మధులత ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయింది. సూది వేశారు. డాక్టరు వచ్చి చూసి, "ఈసారికి చీము పట్టలేదు. ఇంకోసారికి నేను మాటియ్యలేను," అని కూతురితో చెప్పి పోయాడు.

మధులత మంచం పక్కకు స్టూలు లాక్కుని కూర్చుంది. తర్వాత భూపేష్‌కు ఫోను చేసింది.

"సార్, ఆదివారం ఓపీ ఉండదు కదా. మధ్యాహ్నం అప్‌డేటు చేసేస్తా."

"నువ్వే కదమ్మా వద్దంటివి?"

"ఇంట్లో మాటిచ్చినా సార్."

కృష్ణవేణమ్మ మంచం మీద నుంచి తల తిప్పింది. "ఇంత తొందరేముండాది? ఆడిట్ అంటివే."

"అయిపోయింది."

"ఎప్పుడు?"

"ఇప్పుడే."

ఆదివారం ఆ చలిగదిలో కూతుర్ని ఒక్కదాన్నే వదలడం ఇష్టం లేక కృష్ణవేణమ్మ కూడా పోయింది. దుప్పటి కప్పుకుని కుర్చీలో కూర్చుంది. మధులత ముందు అన్నిటికీ కాపీ తీసి పెట్టింది. మొదటి సర్వరు పనంతా రెండోదానికి మళ్లించింది. ఇది లేవకపోతే ఆస్పత్రి బరువంతా అదే లోపమున్న రెండోదాని మీద పడుతుందని తల్లికి చెప్పింది. చెప్పకుండా ఉంటే బాగుండేదని కృష్ణవేణమ్మకు అనిపించింది.

మధులత మీట నొక్కింది. తెర మీద గీత కొంచెం కొంచెం నిండింది. నిండాక మిషను తనంతట తానే ఆగి, మళ్లీ లేవబోయింది. లోపలి ఫ్యాన్లు ఘాటు రోడ్డు ఎక్కే రాళ్లలారీ మాదిరి అరిచాయి. తెర నల్లగా అయిపోయింది.

నల్లగానే ఉంది.

మధులత ఫోనులో కంపెనీవాళ్లు రాసింది చూసుకుంది, మళ్లీ చూసుకుంది. "వీళ్లు చెప్పిన టైము దాటిపోయింది మా. చచ్చినట్టుండాది." లేచి మిషను ముందుకు పోయింది. "ఒక్కసారి ఆపి మళ్లా వేస్తే..."

వేలు మీట దగ్గరికి పోతుండగా కృష్ణవేణమ్మ ఆ మణికట్టు పట్టుకుంది.

"ముట్టుకోవద్దు."

"ఇంతసేపు పట్టకూడదు."

"పట్టనీ. ముట్టుకోవద్దు."

ఆమెకు ఫర్మ్‌వేర్ సంగతి ఏమీ తెలియదు. గ్యాసు సిలిండరు, తడిచేత్తో స్విచ్చి, పక్కింటి కుక్క, దేనికైనా ఆమె చెప్పే మాట అదొక్కటే. అలవాటుకొద్దీ చెప్పింది. భయంకొద్దీ పట్టుకుంది.

మిషను లేవకపోతే తానిచ్చిన మాటా చెల్లదు. ఈ సంగతి ఆమెకు తట్టకపోలేదు, బాగానే తట్టింది. కానీ పట్టుకున్న చెయ్యి ఐసుగడ్డలా ఉంది, లోపల నరం అదురుతోంది. చిన్నప్పుడు జ్వరమొస్తే కూడా ఈ పిల్ల చెయ్యి ఇట్లా అదరలేదు. లెయ్యవే తల్లీ, అని కృష్ణవేణమ్మ ఆ నల్లటి తెరకు మనసులో మొక్కుకుంది. అది లేస్తే తనకేమవుతుందో తెలిసే మొక్కుకుంది.

ఇంకా కొంతసేపు అట్లాగే నిలబడ్డారు. ఫ్యాన్ల అరుపు ఒక్కసారిగా తగ్గింది. తెర మీద తెల్లటి అక్షరాలు ఒక్కో వరసే వచ్చాయి.

మధులత వంగి ఆ వరసలన్నీ చదివింది. కాసేపటికి అంది, "నొక్కింటే పోయేది మా. సగంలో ఉన్నింది."

"నాకేం తెలుసు," అంది కృష్ణవేణమ్మ.

"ఇంకా డ్రైవర్లు మార్చాల, మిషన్లో ఒక్కో భాగాన్ని నడిపించే ప్రోగ్రాములు. కొత్త ఫర్మ్‌వేర్‌తో పాతవి సరిగా పొసగవు. ఆ తర్వాత రెండో సర్వరు."

"నిదానంగా చెయ్యి. నాకేం తొందర లేదు."

పొద్దు వాలకముందే రెండూ అయిపోయాయి. ఆమెకున్న ఆఖరి ఆశ కూడా వాటితో పాటే ముగిసింది.

బుధవారం ఆమెను ఆపరేషనుకు తీసుకుపోయారు. స్ట్రెచరు తలుపు దగ్గర ఆగినప్పుడు డాక్టర్ని అడిగింది, ఎంతసేపు పడుతుందని. గంట లోపేనన్నాడాయన. కృష్ణవేణమ్మ కూతుర్ని కిందికి వంగమంది.

"ఆయప్ప చెప్పిన దానికంటే ఎక్కువసేపు పట్టొచ్చు. తలుపు కొట్టొద్దు. ఎవరినీ అడగొద్దు. కూర్చో."

"సరే మా."

పిల్ల తలుపైతే కొట్టలేదు గానీ, ఒక్క నిమిషం కూడా కూర్చోలేదని ఆ సాయంత్రం నర్సు చెప్పింది.