మరక పోయింది

జ్ఞానేశ్వరి దూది చుట్టిన పుల్లను రంగులో ముంచి, గిన్నె అంచుకు ఒత్తి, కార్పెట్ మీద పాలిపోయిన బొటనవేలి గుర్తును మెల్లగా అద్దుతోంది. ఆ వేలు ఆమె భర్త హరికిషన్‌ది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, అన్నవాళ్లు మాత్రం లేరు.

గురువారం పొద్దున బాత్‌రూంలో పాకురు పట్టిందని అత్త ప్రమీలమ్మ సణిగితే, జ్ఞానేశ్వరి బ్లీచింగ్ పౌడర్ చిక్కగా కలిపి నేలంతా పోసింది. గంటదాకా అటు పోవద్దని అందరికీ చెప్పింది. హరికిషన్ విన్నాడు, తలూపాడు, కాళ్లు కడుక్కోవడానికి అందులోకే పోయాడు. అప్పుడే ముందుగదిలో ఫోన్ మోగింది. ఫోన్ వచ్చి ఆర్నెల్లే అయింది కనుక ఆ ఇంట్లో దాన్ని ఎక్కువసేపు మోగనివ్వరు. తడికాళ్లతోనే ఉరికాడు. మధ్యాహ్నానికి ఎర్రటి ఉన్ని కార్పెట్ మీద మూడు పాదాలు పసుప్పచ్చగా తేలాయి, మడమతో, అయిదేసి వేళ్లతో.

సాయంత్రం బట్టల దుకాణం నుంచి వచ్చి, ఆ అడుగుల పక్కనే నిలబడి, "కార్పెట్ ఖరాబు జేసినవ్ గద. ఆదివారం దత్తాత్రి వాళ్లు వస్తున్నరని ఎరికే గద నీకు," అన్నాడు హరికిషన్. గంత బ్లీచింగు ఎవలు పొయ్యుమన్నరని ప్రమీలమ్మ వంతపాడింది. జ్ఞానేశ్వరి తన పాదాన్ని ఒక గుర్తు మీద పెట్టింది. ఆమె వేళ్ల ముందర ఇంకా రెండంగుళాల జాగా మిగిలింది. తల్లీకొడుకులిద్దరూ చూశారు. చూసి టీవీ పెట్టుకున్నారు.

పన్నెండేళ్ల కాపురంలో ఆ ఇంటి వ్యాకరణం ఆమెకు బాగానే వంటబట్టింది. ఆయన చేతిలోంచి జారితే గ్లాసు పగులుతుంది, ఆమె చేతిలోంచి జారితే పగలగొట్టినవ్ అంటారు. తాళంచెవి ఆయన దగ్గర పోతుంది, ఆమె అయితే పోగొడుతుంది. బిడ్డకు మార్కులు వస్తాయి. తగ్గిన ఏడాది మాత్రం ఆమె చదివించలేదు. పప్పు మంచిగా కుదురుతుంది, మాడిస్తే ఆమె మాడిస్తుంది. ఇన్నేళ్లలో తప్పులకు తప్ప దేనికీ తను కర్త కాలేదని ఆమె ఎప్పుడో కనిపెట్టింది. కోపం రాలేదని కాదు, వచ్చింది. కోపమొచ్చినా పొయ్యి మీద పాలు చూసుకోవాలి కనుక అది అట్లాగే చల్లారేది. ఈసారి చల్లారలేదు. మూడు పాదాలు పొద్దస్తమానం కళ్లముందే ఉంటే ఎట్లా చల్లారుతుంది!

చిన్నకోడూరులో ఆమె బాపు నాగేశం నూలుకు రంగులేసేవాడు. తడి రంగును నమ్మకు బిడ్డా, ఆరినంక సూడు అనేవాడు. దుకాణదారుల ఇంట్లో ఆ రంగు గిన్నెల ముచ్చట ఎత్తొద్దని ప్రమీలమ్మ పెళ్లయిన మొదటి వారమే చెప్పింది. జ్ఞానేశ్వరి ఎత్తలేదు. శుక్రవారం మాత్రం పాదాలను చల్లనీళ్లతో ఏడెనిమిదిసార్లు అద్ది తుడిచింది, బ్లీచింగ్ వాసన పూర్తిగా పోయేదాకా. అది మిగిలితే వేసిన రంగునూ తినేస్తుంది. పూర్తిగా ఆరాక బజారు రంగు పొడిని వేడినీళ్లలో కలిపి, ఉన్నికి పట్టేందుకు నిమ్మరసం పిండి, ముందు సోఫా కింది మూలలో వేసి చూసుకుంది. నారింజ వైపు పోయింది. ఒక్క చుక్క నీలం కలిపింది. పలుచగా ఒక పూత, అది ఆరేలోపు అన్నం వార్చడం. కిటికీ వెలుగులో చూసుకుని ఇంకో పూత, అది ఆరేలోపు అత్త మోకాళ్లకు నూనె. నడుం పట్టేసింది. అయినా పనిలో ఉన్నంతసేపూ ఆమెకు సంతోషంగా ఉంది. ఎంత సంతోషమంటే, కొంచెం సిగ్గు కూడా వేసింది.

శనివారం సాయంత్రానికి మూడు పాదాలూ ఎరుపులో కలిసిపోయాయి. ఆమెకు కావలసింది ఒక్క మాట. నువ్వే చేసినవా అని అడిగినా చాలు. హరికిషన్ వచ్చాడు, వాటి మీదుగా నడిచి పోయి ఫోన్ చేసుకున్నాడు.

ఆదివారం హరికిషన్ స్నేహితుడు దత్తాత్రి, అతని భార్య రాధాబాయి వచ్చారు. ఆ కార్పెట్‌ను హైదరాబాద్‌లో దగ్గరుండి కొనిపెట్టింది దత్తాత్రే. హరికిషన్ అతని భుజం మీద చెయ్యేసి, "మొన్న దీనిమీద పెద్ద మరకయిందిరా. ఏడుందో సూడు," అన్నాడు. దత్తాత్రి వంగి వెతికాడు, దొరకలేదన్నాడు. "పోయింది," అన్నాడు హరికిషన్ గర్వంగా.

మంచినీళ్లు తెచ్చిన జ్ఞానేశ్వరి అప్పటికే వంటింటి వైపు తిరిగింది. ఆగింది. వెనక్కి వచ్చి ఖాళీ పళ్లెం టీపాయి మీద పెట్టింది.

"పోలేదన్నా," అన్నది దత్తాత్రితో, మామూలు గొంతుతోనే. "ఈయన చేసిండు. నేను తీసిన. రెండు దినాలు వట్టింది."

రాధాబాయి తలెత్తి చూసింది. హరికిషన్ నవ్వాడు, ఇంకెవరూ నవ్వకపోయేసరికి ఆపేశాడు. మాట మార్చాలి కనుక, ఎప్పుడూ అడిగేదే అడిగాడు.

"వంటయిందా?"

"కాలేదు," అన్నది జ్ఞానేశ్వరి. "నేను వండిన."